ఎన్ని మెగాపిక్సెళ్ళు అని అడిగేవారికి

దసరా సెలవులు దగ్గరపడితే చాలు, వేసవి సెలవుల మాట వినబడితే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. "అమ్మానాన్నలతో కాశీ వెళుతున్నాము. మంచి డిజిటల్ కెమెరా ఒకటి కొందామనుకుంటున్నాను. ఎన్ని మెగాపిక్సెళ్ళది కొనమంటారు?" కాశీ స్థానంలో హంపి ఉండవచ్చు, అరకు ఉండవచ్చు, అమెరికాలోని కొడుకు దగ్గరకు తొలిసారి వెళ్ళే ప్రయాణం ఉండవచ్చు. ప్రశ్న మాత్రం మారదు. దానికి వచ్చే జవాబులూ మారవు. దుకాణదారు పెద్ద అంకె ఉన్న పెట్టెను ముందుకు తోస్తాడు. ఛాయాగ్రహణంలో కాస్త చేయి తిరిగిన బంధువు "కొంటే లెన్సులు మార్చుకునేదే కొనాలి, తక్కినవన్నీ ఆటవస్తువులు" అని తీర్పు చెబుతాడు. మూడో ఆయన "జేబులో ఫోనుండగా ఇంకా కెమెరా ఏమిటండీ" అని పెదవి విరుస్తాడు.

ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ అడిగినవాడిని తిరిగి ఒక్క ప్రశ్నైనా వేయరు. ఎక్కడికి వెళుతున్నావు, అక్కడ ఏ వేళప్పుడు ఉంటావు, ఎవరితో వెళుతున్నావు, ఎంత బరువు మోయగలవు అని విచారించరు. నా ఫిర్యాదంతా ఇదే. కెమెరాను ఎంచుకోవలసినది పెట్టె మీది అంకెను బట్టి కాదు, వెళ్ళే చోటును బట్టి, మోసే చేతిని బట్టి. చెప్పులు కొనేటప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసే ఉంటుంది. కెమెరా దగ్గరకు వచ్చేసరికి మరచిపోతాము. మరచిపోయేలా చేసేవారు ఉన్నారు కనుక.

ముందుగా మెగాపిక్సెళ్ళ సంగతి తేల్చుకుందాము. మెగాపిక్సెలు అంటే పది లక్షల చుక్కలు. అంతకు మించి అందులో మహత్తేమీ లేదు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా చిత్రంలో నూరు వరుసలు, వరుసకు నూరు చుక్కలు, వెరసి పదివేలు. మూడున్నర కిలోల పైచిలుకు బరువున్న ఆ యంత్రం ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. పదివేల నుంచి పది లక్షలకు, పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకు పెరుగుతున్న రోజులలో ఈ చుక్కల లెక్కకు నిజంగానే అర్థముండేది. 2000 ప్రాంతంలో ఒక మెగాపిక్సెలు కెమెరాకూ మూడు మెగాపిక్సెళ్ళ కెమెరాకూ ఉన్న తేడా, కార్డు సైజు దాటి అచ్చు వేయించగానే కంటికి కనబడేది. అప్పట్లో ఆ ప్రశ్న అడగడం వివేకం. ఆనాటి వివేకమే ఈనాటికి మూఢవిశ్వాసమై కూర్చున్నది.

లెక్క వేసి చూడండి. నాలుగు అంగుళాలు ఆరంగుళాల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున శ్రేష్ఠంగా అచ్చు వేయించడానికి 1200 అడ్డు 1800, అంటే సుమారు 22 లక్షల చుక్కలు చాలు. గోడకు తగిలించదగిన 8 × 12 అంగుళాల పటానికి 86 లక్షలు కావాలి. బైఠకఖానాలో పెద్ద 4కె టీవీ ఉన్నా, దాని తెర మొత్తం మీద ఉన్న చుక్కలు 83 లక్షలే. 1999లో వచ్చిన నికాన్ డీ1లో ఉన్నవి 2.7 మెగాపిక్సెళ్ళు మాత్రమే. ఆ కెమెరాను భుజాన వేసుకుని పత్రికా ఛాయాగ్రాహకులు దినపత్రికలకు చిత్రాలు పంపారు. నేడు అంగట్లో దొరికే కెమెరాలలో ఎంత చిన్నదైనా ఈ అవసరాలన్నిటినీ దాటి ఉన్నది. అందరికీ ఉన్నదానిని గురించి ఎంత ఉన్నదని అడగడమెందుకు?

ఇంకో కిటుకు. చుక్కలు నాలుగింతలైతే గాని వివరం రెండింతలు కాదు. పొడవునా రెట్టింపు, వెడల్పునా రెట్టింపు కావాలి గదా. పన్నెండు నుంచి ఇరవై నాలుగుకు ఎగబాకినవాడు వివరం రెట్టింపయిందని మురిసిపోతాడు. నిజానికి ఏ దిక్కున చూసినా పెరిగినది నూటికి నలభై చుక్కలు. అదీ చేయి వణకకుండా ఉంటే, వెలుగు చాలినంత ఉంటే, కటకం అంతటి వివరాన్ని అందించగలిగితే. ఇక ఫోన్ల ప్రకటనలలో 200 మెగాపిక్సెళ్ళు అని కనబడుతున్నదే, ఆ ఫోన్లలో చాలావరకు మామూలుగా మీట నొక్కినప్పుడు పదహారేసి చుక్కలను ఒక్కటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ళ బొమ్మను చేతిలో పెడతాయి. అలా కలపడం మంచి పనే, తప్పు పట్టను. రెండు వందలని చాటింపు వేసి పన్నెండు చేతికివ్వడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

చుక్కల లెక్క తరువాత రెండో మాయ ఎక్స్‌ల లెక్క. "ముప్ఫై ఎక్స్ జూమ్ సార్" అంటాడు అమ్మేవాడు. ఆ ఎక్స్ దగ్గరకు లాగే శక్తికి కొలత కాదు. కటకపు అతి పెద్ద నాభ్యంతరాన్ని అతి చిన్న నాభ్యంతరంతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. 24 మి.మీ. నుంచి 720 మి.మీ. దాకా సాగేది ముప్ఫై ఎక్స్. కొత్త కెమెరాతో కలిపి ఇచ్చే 18–55 కటకం మూడు ఎక్స్. పెళ్ళిళ్ళ ఛాయాగ్రాహకులు వాడే, ధర లక్ష దాటిన 70–200 కటకానికి మూడు ఎక్స్ కూడా లేదు! ఎక్స్‌ను బట్టి గొప్పదనం ఉండేటట్లయితే వారందరూ పిచ్చివారన్నమాట. ఇక డిజిటల్ జూమ్ అన్నది అసలు జూమే కాదు. ఉన్న బొమ్మ అంచులు కత్తిరించి మిగిలినదానిని సాగదీయడం. ఆ పని ఇంటికి వచ్చాక తీరికగా చేసుకోవచ్చు.

మరి చూడవలసినది ఏమిటి? వాన పడుతున్నప్పుడు చూరు కింద గ్లాసు పెడితే ఎన్ని నీళ్ళు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? కెమెరా లోపల వెలుగును పట్టే పలక కూడా అంతే. సెన్సర్ అంటున్నాము, గ్రాహకం అంటే నాకు ఇంపుగా ఉంటుంది. చవక జేబు కెమెరాలలో, పొడుగు జూమ్ కెమెరాలలో తరచుగా ఉండే గ్రాహకపు వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. 'ఒక అంగుళం' రకానిది 116. ఏపీఎస్-సీ అనేది సుమారు 370. పాత ఫిల్ము చట్రమంత ఉండే ఫుల్ ఫ్రేమ్ 864. మొదటిదానికీ చివరిదానికీ ముప్ఫై రెట్ల తేడా. మిట్ట మధ్యాహ్నం కుండపోత వెలుగులో గ్లాసైనా నిండుతుంది, గంగాళమైనా నిండుతుంది. గుడి లోపల, గుహలో, మునిమాపు వేళ, సన్నని తుంపర పడేటప్పుడే పాత్ర మూతి ఎంతన్నది తెలిసివస్తుంది. ఈ ఒక్క కొలత పెట్టె మీద పెద్ద అక్షరాలలో ఎప్పుడైనా చూశారా?

చూడలేదు సరికదా, చెప్పేచోట కూడా తిరకాసుగా చెబుతారు. 'ఒక అంగుళం' గ్రాహకంలో ఎక్కడ కొలిచినా అంగుళం దొరకదు. పొడవు 13.2 మి.మీ., వెడల్పు 8.8 మి.మీ., మూల నుంచి మూలకు 16 మి.మీ. లోపు. అంగుళమంటే 25.4 అని బడిపిల్లలకు కూడా తెలుసు. వెనకటి టీవీ కెమెరాలలో విడికాన్ గొట్టాలుండేవి. ఆ గాజు గొట్టపు బయటి వ్యాసం అంగుళమైతే లోపల బొమ్మ పడే చోటు ఇంత ఉండేది. గొట్టాలు పోయాయి, గొట్టం కొలత మిగిలింది. వడ్లు దంచి ఊక పారబోసిన తరువాత కూడా ఊకతో కలిపి తూకం చెప్పినట్లున్నది.

ఇంతవరకు విని లెన్సులు మార్చే కెమెరా భక్తులు సంతోషిస్తూ ఉంటారు. "మేమూ అదే అంటున్నాము, పెద్ద గ్రాహకం కొనమని." ఆగండి. అసలు పేచీ మీతోనే.

లేపాక్షికి వెళుతున్నామనుకోండి. పదహారో శతాబ్దపు వీరభద్రాలయం, ఎదుట అంత దూరాన ఏకశిలా నంది. నందికి ఏ కెమెరా అయినా సరిపోతుంది. దాని విషయంలో తప్పు జరిగితే అది వేళ తప్పు. పన్నెండింటికి వెళ్ళి మొత్తుకుంటే లాభం లేదు, పొద్దున్నే వెళ్ళాలి. చిక్కంతా గుడి లోపల ఉన్నది. మండపం కప్పు మీద ఆనాటి చిత్రాలు, పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం. ఎర్రమన్ను, నలుపు, తెలుపు, పచ్చ. వెలుగు అంతంత మాత్రం. ఫ్లాషు వేయకూడదు, పాత రంగుల క్షేమం కోరి మాత్రమే కాదు, వేస్తే చదునైన తెల్లటి మరక తప్ప మరేమీ రాదు కనుక కూడా. ముక్కాలిపీట పెడదామంటే పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలలో దానికి విడిగా అనుమతి కావాలి. మిగిలినవి మీ రెండు చేతులు.

ఇప్పుడు మన భక్తుడి మాట విని కొన్న కెమెరాను తీయండి. పెద్ద గ్రాహకమే. కానీ దానితో కలిపి ఇచ్చిన కటకం 18–55, దాని నుదుటి మీద 3.5–5.6 అని రాసి ఉంటుంది. ఈ అంకెకు అర్థం చెప్పకుండానే అమ్మేస్తారు. నాభ్యంతరాన్ని వెలుగు ప్రవేశించే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఈ అంకె. కాబట్టి అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. అంకె సగమైతే వెలుగు నాలుగింతలు. మండపంలో ఎఫ్/4 దగ్గర సెకనులో పదిహేనో వంతు పట్టే చోట, ఎఫ్/2 ఉంటే అరవయ్యో వంతు చాలు. పదిహేనో వంతులో మామూలు చేయి వణుకుతుంది, అరవయ్యో వంతులో నిలుస్తుంది. బొమ్మ వచ్చిందా రాలేదా అన్నది ఇక్కడ తేలిపోతున్నది. చిన్న గ్రాహకానికి పెద్ద ద్వారం తగిలిస్తే, పెద్ద గ్రాహకానికి చిన్న ద్వారం తగిలించినదానితో ఇంచుమించు సరితూగుతుంది. గంగాళం కొని దానికి సన్నటి మూతి గరాటు బిగించుకున్నవాడు గ్లాసు పట్టుకున్నవాడిని చూసి నవ్వుతున్నాడన్నమాట.

"మరో లెన్సు కొనుక్కోవచ్చు గదా, అందుకే మార్చుకునేది కొనమన్నాము" అంటారు. అవును, 50 మి.మీ. ఎఫ్/1.8 కటకాలు చవకలో వస్తాయి, వాటికి సాటి లేదు. కానీ ప్రయాణానికి తొలిసారి బయలుదేరే మనిషి నిజంగా ఏం చేస్తాడో నాకు తెలుసు, మీకూ తెలుసు. కొన్న రోజున ఏ కటకం తగిలించి ఉన్నదో జీవితాంతం అదే ఉంటుంది. ఒంట్లో ధైర్యముండి రెండోది కొన్నా, కటకం, ఛార్జరు, సంచీ అన్నీ కలిపి కిలో దాటుతుంది. ఒక చేత్తో అమ్మ చేయి పట్టుకుని మెట్లు దింపాలి, ఇంకో చేతిలో నీళ్ళసీసా. కటకం మార్చేది ఏ చేత్తో? మొదటి రోజు మెడలో ఉన్న కెమెరా రెండో రోజు సంచీలోకి, మూడో రోజు బసలోని అల్మారాలోకి చేరుతుంది. అల్మారాలో ఉన్న 864 చదరపు మిల్లీమీటర్లకంటే జేబులో ఉన్న 116 ఎక్కువ. ఈ లెక్క ఏ నిపుణుడూ చెప్పడు, ఎందుకంటే నిపుణుడు ఛాయాచిత్రాల కోసమే ప్రయాణం చేస్తాడు. మనవాడు ప్రయాణం చేస్తూ ఛాయాచిత్రాలు తీసుకుంటాడు. ఇద్దరికీ ఒకే మందు రాసిస్తే ఎలా?

చోటును బట్టి అన్నాను గనుక, నా వాదానికి అడ్డొచ్చే చోట్లు కూడా చెప్పాలి. నేలపట్టులో గూళ్ళు కట్టుకున్న గూడబాతులు, చలికాలంలో పులికాట్ నీళ్ళలో నిలబడిన రాజహంసలు, కొల్లేటి ఒడ్డున ఆటపాక. అక్కడికి వెళ్ళేవాడు జేబు కెమెరాతో వెళితే నీళ్ళ మీద గులాబీ రంగు చుక్కలు మాత్రం తెచ్చుకుంటాడు. ఫోనుతో వెళితే అవీ నమ్మదగినవి కావు. అక్కడ పొడుగు నాభ్యంతరమే శరణ్యం, గ్రాహకం చిన్నదైనా సరే, పగటి వెలుగు దండిగా ఉంటుంది కనుక నడిచిపోతుంది. 2018లో వచ్చిన నికాన్ పీ1000 వంటిది 24 మి.మీ. నుంచి 3000 మి.మీ. దాకా సాగుతుంది, బరువు సుమారు 1.4 కిలోలు. పక్షుల కోసమే వెళ్ళేవాడికి అది భారం కాదు. దానినే కాశీ సందులలోకి మోసుకుపోయేవాడిని చూస్తే జాలి వేస్తుంది. దశాశ్వమేధ ఘట్టంలో హారతి వేళ చీకటిలో కదిలే మనుషులు, ఊగే దీపాలు. అక్కడ ఆ 125 ఎక్స్ ఎందుకూ పనికిరాదు. గండికోటకు వెళ్ళేవాడికి కావలసినది దూరాన్ని లాగడం కాదు, లోయ మొత్తం పట్టేటంత వెడల్పు. తిరుమల గుడిలోకైతే కెమెరానే రానివ్వరు, ఆ బాధ లేదు.

ఇప్పుడు మూడో ఆయన, ఫోను చాలునన్న పెద్దమనిషి. ముగ్గురిలోనూ ఆయన మాటలోనే నిజం ఎక్కువ, అందుకే ఆయనతో జాగ్రత్తగా వాదించాలి. ఫోను ఒక్క మీట నొక్కుకు అనేక చట్రాలు తీసి, వాటిని ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, చీకట్లో గరుకుదనం తగ్గించి, ఆకాశం తెల్లబోకుండా కాపాడి మన చేతికిస్తుంది. అంత చిన్న గ్రాహకం నుంచి అంత బొమ్మ రావడం గొప్ప గణితం. నేర్చుకునే ఆసక్తి లేనివాడికి, జ్ఞాపకానికి నాలుగు బొమ్మలు చాలుననుకునేవాడికి ఫోనే చాలు, పైసా ఖర్చు పెట్టవద్దు. దాచుకున్న డబ్బుతో ఇంకో రెండు రోజులు ఎక్కువ ఉండి రండి. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ప్రపంచమంతా అలాగే అనుకున్నది కూడా. జపాన్ కెమెరా పరిశ్రమ సంఘపు లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు అంగళ్ళకు చేరితే, 2023లో 80 లక్షల లోపే చేరాయి.

కానీ నేర్చుకోవాలని ఉన్నవాడి మాట వేరు. ఫోను నిర్ణయాలన్నీ తానే చేసేస్తుంది, ఏం చేసిందో చెప్పదు. కదిలే మనిషిని చీకట్లో పట్టబోతే ముఖాన్ని మైనం పూసినట్టు చేస్తుంది. దూరాన ఉన్నదానిని లేని వివరాలు కల్పించి చూపిస్తుంది. అన్నిటికీ మించి, ప్రయాణంలో ఫోనే టికెట్టు, ఫోనే దారిచూపే పటం, ఫోనే డబ్బుసంచీ, ఫోనే టార్చిలైటు. సాయంత్రానికి అది నీరసించిపోతే ఫొటోలే కాదు, తిరుగు ఆటోకు డబ్బూ ఉండదు. పైగా హారతి జరుగుతుండగా అది మోగుతుంది, ఆఫీసు నుంచి.

అయితే ఏ గుణాలు చూసి కొనాలి? నాకు తోచినవి చెబుతాను, వరుసలో ప్రాముఖ్యమేమీ లేదు. గ్రాహకం ఒక అంగుళం రకానికి తగ్గకూడదు. ద్వారం ఎఫ్/2.8 గాని అంతకంటే పెద్దది గాని కావాలి. చొక్కా జేబులో కాకపోయినా చేతిసంచీలో పట్టాలి. మన ఎండలో వెనుక తెర మీద ఏమీ కనబడదు, మే నెలలో కడప జిల్లాలో నిలబడి చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి కంటికి ఆనించుకునే కిటికీ ఉంటే మేలు. ఇక అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఒకటున్నది, ఏ దుకాణంలోనూ ఎవరూ అడగనిది. వెలుగును హెచ్చుతగ్గులు చేసే చక్రం, ప్లస్సూ మైనస్సూ రాసి ఉండేది, బొటనవేలికి అందాలి.

ఎందుకో చెబుతాను. కెమెరాకు లోకం తెలియదు. తాను చూసేదంతా సగటు బూడిద రంగులో ఉంటుందని దాని నమ్మకం. నాన్నగారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో సున్నం కొట్టిన గోడ ముందు నిలబడితే, ఇంత వెలుగు ఉండకూడదని తగ్గించేస్తుంది. ఉతికిన మల్లెపూవులాంటి పంచె బూడిద రంగులోకి దిగుతుంది, ముఖం ఇంకా నల్లబడుతుంది. చక్రాన్ని ప్లస్ ఒకటికి తిప్పితే పంచె మళ్ళీ తెల్లనవుతుంది. చీకటి గోడ ముందు నల్లరాతి విగ్రహానికి దీనికి సరిగ్గా తిరగబడుతుంది: రాతిని తెల్లబరుస్తుంది, అక్కడ మైనస్ కావాలి. అమ్మ నది ఒడ్డున వెలుగుతున్న ఆకాశాన్ని వెనకేసుకుని నిలబడితే ముఖం చీకటి బొమ్మే. ఆవిడను నాలుగడుగులు పక్కనున్న వసారా నీడలోకి, ముఖం వెలుగు వైపు ఉండేలా జరిపితే ఏ కెమెరాకైనా బంగారంలాంటి బొమ్మ వస్తుంది. మన చామనఛాయ ముఖాలు, మన తెల్ల పంచెలు, మన ఎండ. వీటి కోసం రోజుకు పదిసార్లు వాడవలసిన చక్రాన్ని జాబితాలో ఏడో పొరలో దాచిపెట్టిన కెమెరా ఎన్ని కోట్ల చుక్కలున్నా నాకు వద్దు.

ఈ గుణాలతో కెమెరాలు ఎప్పటినుంచో వస్తున్నాయి. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100 ఒక అంగుళం గ్రాహకాన్ని, ఎఫ్/1.8తో మొదలయ్యే కటకాన్ని 240 గ్రాములలో ఇమిడ్చింది. 2013లో వచ్చిన రికో జీఆర్ ఏపీఎస్-సీ గ్రాహకాన్ని, 28 మి.మీ.కు సమానమైన ఎఫ్/2.8 కటకాన్ని పావు కిలోలో ఇమిడ్చింది. దానికి జూమ్ లేదు. కంటి కిటికీ లేదు, అది లోపమే. జూమ్ లేకపోవడం మాత్రం తొలి అభ్యాసికి లోపమని నేననను. కార్టియే-బ్రెసాన్ 1947–48లో మన దేశమంతా తిరిగినప్పుడు ఆయన వాడుక ప్రధానంగా ఒక్క 50 మి.మీ. కటకమే. దగ్గరగా కావాలంటే దగ్గరకు నడవాలి. నడిచి దగ్గరకు వెళ్ళినవాడు ఎదుటి మనిషితో ఒక మాటైనా మాట్లాడతాడు, అడిగి తీసుకుంటాడు. దూరాన నిలబడి ముప్ఫై ఎక్స్‌తో సాధువుల ముఖాలు దొంగిలించేవాడికి ఆ అవసరం రాదు.

పాత తరపు కెమెరాల కోసం వెతికేవారికి ఒక మాట. 2022 ప్రాంతం నుంచి కుర్రకారు 2000ల నాటి చిన్న సీసీడీ కెమెరాలను వెదికి కొంటున్నారు, ఆ రంగులు బాగుంటాయట. నవ్వు వస్తుంది గాని తప్పేమీ లేదు. వాటిలో కొన్నిటికి ఇప్పుడు తయారీయే లేని ఎక్స్‌డీ కార్డు కావాలి. బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. ప్రయాణానికి దానినే నమ్ముకోవద్దు.

మధ్యలో ఒక గోడు వెళ్ళబోసుకుంటాను. తొలి అభ్యాసి దుకాణంలో ఇంత సులభంగా మోసపోవడానికి మన భాషలో ఈ మాటలు లేకపోవడం కూడా కారణం. కటకం, నాభ్యంతరం అని పదో తరగతి భౌతికశాస్త్రంలో చదువుకుని, కెమెరా చేతికి రాగానే అవి వేరే లోకపు మాటలైనట్టు వదిలేస్తాము. ఎఫ్ పక్కన ఉన్న అంకె ఒక భాగహారమని తెలిస్తే దుకాణదారును ఒక్క ప్రశ్నతో నిలవేయవచ్చు. మనకు ఈ విద్య కొత్తదా? రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాము కొలువులో గాజు పలకలు మోయించుకుంటూ తిరిగి తీసిన చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి. మాయాబజార్ (1957)లో మార్కస్ బార్‌ట్లే పండించిన వెన్నెల నలుపు తెలుపులలోనిదే. వారి చేతిలో ఎన్ని మెగాపిక్సెళ్ళున్నాయి? చుక్కల లెక్క నేర్పేవారు దండిగా ఉన్నారు, వెలుగు లెక్క తెలుగులో చెప్పేవారే కావాలి. ఈ టపా చదివే మిత్రులలో చేయి తిరిగినవారు ఎవరైనా పూనుకుంటే బాగుండును.

చివరిగా కొనే వేళ సంగతి. ప్రయాణం ముందురోజు కొని, పెట్టెను రైలులో విప్పేవారున్నారు. ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. తల్లిదండ్రులను కాశీకి తీసుకువెళ్ళే ప్రయాణం రెండోసారి ఉంటుందని ఎవరు హామీ ఇవ్వగలరు? గంగ ఒడ్డున ఆవిడ దోసిలి పట్టి నిలబడిన ఆ అర నిమిషంలో కొడుకు ఏ మీట ఎక్కడున్నదో వెతుక్కుంటూ తల వంచుకుని ఉంటాడు. బొమ్మా రాదు, చూసినదీ లేదు. కాబట్టి నెల ముందు కొనండి. ఇంట్లో, సందెవేళ వంటగదిలో, ఎండలో పెరట్లో, బస్టాండులో, రాత్రి కూరగాయల బండి దగ్గర వెయ్యి బొమ్మలు తీయండి, అన్నీ చెరిపేయండి. చక్రం చూడకుండానే తిప్పగలిగేవరకూ తీయండి. కెమెరాలో ఏదైనా లోపముంటే అప్పటికే బయటపడుతుంది, మార్చుకునే గడువూ ఉంటుంది. తారీఖు, గంట సరిచేయండి. పేరు తెలియని చోట కారుచౌకగా దొరికే కార్డును కొనకండి, రాసి ఉన్నంత చోటు లోపల ఉండనివి తిరుగుతున్నాయి. రెండో బ్యాటరీ తప్పనిసరి. విమానంలోనైతే దానిని చేతిసంచీలోనే పెట్టుకోవాలి, సామానులో వేయకూడదు.

కనుక కాశీకి ఏది కొనమంటారని నన్నడిగితే, ముందు ప్రయాణం ఎన్నడో చెప్పమంటాను. పదిహేను రోజుల లోపైతే ఏదీ కొనవద్దు, ఉన్న ఫోనుతోనే వెళ్ళండి, రాత్రి పూట ఛార్జింగు పెట్టుకోవడం మరవకండి. నెల పైబడి ఉంటే ఒక అంగుళానికి తగ్గని గ్రాహకం, 2.8కి మించని అంకె, బొటనవేలికి అందే చక్రం. ఈ మూడూ ఒక కాగితం మీద తెలుగులో రాసుకుని దుకాణానికి వెళ్ళండి. అమ్మేవాడు మెగాపిక్సెళ్ళ మాట ఎత్తితే ఆ కాగితం చూపించండి.